పగ్గము పట్టినది ఎవరు?

వాల్మీకి రామాయణము యుద్ధకాండలో అంతగా ప్రచారమునకు రాని ఘట్టమొకటి కలదు. రామబాణములచే నొచ్చి, విల్లెత్తజాలని స్థితిలో రావణుడు రథముపై సొమ్మసిల్లును. అతని సారథి యజమానిని అడుగకయే రథమును మెల్లగా యుద్ధభూమినుండి మరల్చును. తెలివి వచ్చిన రావణుడు మండిపడును. శత్రువు చూచుచుండగా తనను పిరికివానిని చేసినావనియు, పగవారివలన లంచము తింటివా యనియు నిందించును. సారథి బెదరడు. తాను భయపడలేదనియు, లంచము తినలేదనియు, ఉప్పు తిన్న విశ్వాసము మరువలేదనియు చెప్పి, తన పనికి గల కారణములను వరుసగా వివరించును. ప్రభువు అలసినాడు, గుఱ్ఱములు చెమటలు క్రక్కుచున్నవి, శకునములు బాగులేవు. దేశకాలములను, నేల మిట్టపల్లములను, రథికుని బలాబలములను, ముందుకు పోవలసిన వేళను, వెనుకకు తీయవలసిన వేళను ఎరుగుట సారథికి ధర్మము. ఆ మాటలతో రావణుని కోపము చల్లారును. చేతి ఆభరణమును అతనికి బహూకరించి, రథమును మరల రామునివైపు నడుపుమని ఆజ్ఞాపించును.

ఇట్టి సారథి యొకడు గడచిన పదిపదునైదేండ్లలో మోటారు కార్లలోనికి ప్రవేశించినాడు. వానికి రూపము లేదు. ముందరి అద్దము వెనుక ఒక చిన్న కెమెరా, ముందుభాగమున ఒక రాడారు, ఆ రెండింటి సంకేతములను లెక్కగట్టు ఒక కంప్యూటరు, ఇవియే వాని కన్నులు, చెవులు, బుద్ధి. ముందున్న వాహనము హఠాత్తుగా ఆగినచో డ్రైవరు కాలు కదలకముందే బ్రేకు వేయును. కారు గీత దాటిపోవుచున్నచో స్టీరింగును మెల్లగా వెనుకకు లాగును. డ్రైవరు కనురెప్పలు వాలుచున్నచో గంట కొట్టును. ఎవరి అనుమతియు అడుగడు. అడుగుటకు వ్యవధి యుండదు కూడ.

మొదట ధనికుల కార్లలో వింతగా కనబడిన ఈ యేర్పాటు క్రమముగా శాసనములకు ఎక్కినది. ఐరోపా సమాఖ్యలో 2022 జూలైనుండి కొత్త నమూనాలకును, 2024 జూలైనుండి అమ్మకమునకు వచ్చు ప్రతి కొత్త కారునకును స్వయంచాలకమైన అత్యవసర బ్రేకు, గీత తప్పకుండ కాపాడు సాధనము, వేగపరిమితిని గుర్తుచేయు సాధనము మున్నగునవి తప్పనిసరి చేసిరి. అమెరికాలో 2024 ఏప్రిల్‌లో చేసిన నిబంధన కొత్త కార్లన్నిటికి అత్యవసర బ్రేకును అమర్చుటకు 2029 సెప్టెంబరును గడువుగా పెట్టినది. మన దేశములో చక్రములు బిగుసుకొని జారిపోకుండ ఆపెడి బ్రేకు సాధనము 2019 ఏప్రిల్‌నుండి కొత్త కార్లకు విధియైనది. తానై బ్రేకు వేయు కార్లు 2020, 2021 సంవత్సరములనుండి మధ్యతరగతివారు ఆశపడు ధరలలోనికి దిగివచ్చుచున్నవి. 2025లో కేంద్రప్రభుత్వము బస్సులకు, లారీలకు సయితము ఇట్టి సాధనములు ఉండవలెనని ముసాయిదా ప్రకటించినది.

ఇంత మంచి సేవకుడు దొరకినప్పుడు డ్రైవర్లు సంతోషింపవలసినదే. అయినను ఏ దేశములో చూచినను వారి మాటలలో రావణుని కోపపు ఛాయ కనబడుచున్నది. ఆ కోపమును పాతకాలపు మొండితనమని త్రోసివేయుట సులభము. అట్లు త్రోసివేయువారు చక్రము ముందు కూర్చున్నవాని మాట పూర్తిగా వినలేదనవలెను.

వారి మొదటి ఫిర్యాదు అకారణముగా పడు బ్రేకునుగూర్చి. ఖాళీగా నున్న రహదారిలో, ఎదుట ఏమియు లేకున్నను, కారు ఉన్నట్టుండి వేగము తగ్గును. వెనుక వచ్చుచున్న లారీ ఢీకొనునేమో యని డ్రైవరు గుండె గుభేలుమనును. అమెరికాలో దీనికి దయ్యపు బ్రేకని పేరు పెట్టిరి. 2022 ఫిబ్రవరిలో అచటి జాతీయ రహదారి భద్రతా సంస్థ ఈ విషయముననే టెస్లా కంపెనీ కార్లపై విచారణ ప్రారంభించెను. తొమ్మిది నెలలలో 354 ఫిర్యాదులు వచ్చెను. విచారణకు లోనైన కార్ల సంఖ్య నాలుగు లక్షలకు పైబడినది.

దయ్యము ఎందుకు పట్టుచున్నదో విద్యార్థులకు కొంచెము వివరింపవలసియున్నది. రాడారు రేడియో తరంగములను పంపి, ఎదుటి వస్తువులకు తగిలి తిరిగివచ్చు ప్రతిధ్వనిని వినును. ప్రతిధ్వనిలోని మార్పును బట్టి ఆ వస్తువు ఎంత వేగముతో కదలుచున్నదో చెప్పగలదు. కాని రోడ్డుపై కదలనివి ఎన్ని లేవు? పైనున్న వంతెన, దారి చూపు బోర్డు, ప్రక్కనున్న కమ్మీ, మురుగుకాలువ మూత, అన్నియు ప్రతిధ్వనించును. ప్రతి దానికిని బ్రేకు వేసినచో కారు ఊరు దాటదు. అందుచేత అధికవేగములో కదలనివాటి ప్రతిధ్వనులను చాలవరకు లెక్కలోనికి తీసికొనకుండునట్లు యంత్రమును మలచుచు వచ్చిరి. ఫలితముగా దారిలో నిజముగనే ఆగియున్న అగ్నిమాపక వాహనమును గుర్తింపక పోయి ఢీకొన్న సంఘటనలు అమెరికాలో జరిగినవి. కొంచెము ఎక్కువ జాగ్రత్తపడినచో వంతెన నీడను చూచి ఉలికిపడును. కొంచెము తక్కువ జాగ్రత్తపడినచో నిజమైన అడ్డును వదలివేయును. ప్రతి ఆకు గలగలకును మొరుగు కుక్కను ఇంటివారు విసిగి కట్టివేయుదురు. డ్రైవర్లును అట్లే చేయుచున్నారు. కారు ఎక్కగానే మొదట ఆ మీట నొక్కి, ఆ గంటల నోరు మూయించి, పిమ్మట బయలుదేరువారు అనేకులు.

రెండవ ఫిర్యాదు స్టీరింగును గూర్చినది. సైకిలుపై పోవు వృద్ధునికి దారియిచ్చుటకై డ్రైవరు కొంచెము ప్రక్కకు త్రిప్పును. గీత దాటుచున్నాడని భావించి యంత్రము చక్రమును వెనుకకు, అనగా సైకిలువైపునకు, లాగును. లాగుడు బలమైనది కాదు, ఎవరైనను త్రోసివేయగలరు. అయినను తన చేతిలోని చక్రమును మరియొకరు పట్టి లాగినట్లు తోచిన ఆ క్షణమును డ్రైవరు మరువలేడు. రావణుని సారథి తాను రథమును మరల్చుటకు కారణము చెప్పగలిగినాడు. ఈ సారథిని ఏల ఇట్లు చేసితివని అడుగుటకు వీలులేదు. డ్రైవర్ల అసంతృప్తికి వేరు ఇక్కడ నున్నది.

అట్లని ఈ సాధనములు నిష్ప్రయోజనములని చెప్పుట సత్యము కాదు. ముందు వాహనమును వెనుకనుండి గ్రుద్దుకొను ప్రమాదములు అత్యవసర బ్రేకు గల కార్లలో ఇంచుమించు సగమునకు తగ్గినవని అమెరికాలోని భీమా కంపెనీల రహదారి భద్రతా సంస్థ తేల్చినది. పాదచారులను గ్రుద్దు ప్రమాదములు 27 శాతము తగ్గినవని అదే సంస్థ 2022లో ప్రకటించెను. కాని దీపములు లేని రోడ్డుపై రాత్రివేళ ఏ తేడాయు కానరాలేదట! కన్ను మిక్కిలి అవసరమైన వేళనే ఈ కన్ను మసకబారుచున్నదన్నమాట. మరియొక విశేషము. తానై బ్రేకు వేయుట మేలు చేయుచున్నదని రుజువైనను, తానై స్టీరింగును త్రిప్పుచు కారును గీతల నడుమ నడుపు సాధనమువలన ప్రమాదములు తగ్గినట్లు చెప్పదగిన నిదర్శనము లేదని ఆ సంస్థ 2024లో తెలిపెను. మొదటిది ఆపదలో మాత్రము చేయి వేయును. రెండవది అన్నివేళల పనిని తన చేతిలోనికి తీసికొని, మనుష్యుని ప్రక్కన కూర్చుండబెట్టును. ఈ భేదము చిన్నది కాదు.

మనుష్యుని ప్రక్కన కూర్చుండబెట్టుట అనునది వినోదకరమైన రీతిలో ఆరంభమైనది. అమెరికాలో రాల్ఫ్ టీటర్ అను ఇంజనీరు ఉండెను. ఐదేండ్ల ప్రాయమున ప్రమాదవశమున చూపు కోల్పోయినవాడు. అతడొకమారు తన న్యాయవాదితో కలిసి కారులో పోవుచుండగా, ఆ న్యాయవాది మాటలాడునప్పుడు వేగము తగ్గించుచు, వినునప్పుడు పెంచుచు కారును ఊగించినాడట. కారు నడుపజాలని ఆ అంధునికి ఆ కుదుపులు మిగుల చీకాకు కలిగించెననియు, వేగమును ఒకే రీతిగా నిలుపు యంత్రమును నిర్మింపవలెనని అప్పుడే సంకల్పించెననియు చెప్పుదురు. 1950లో దానికి పేటెంటు లభించెను. 1958లో క్రైస్లర్ కంపెనీ తన కార్లలో దానిని అమర్చెను. కారు నడపు పనిలో ఒక భాగము మనుష్యుని కాలినుండి యంత్రమునకు బదిలీ అయినది.

భద్రత పెరిగినచో మనుష్యుడు ఆ భద్రతను ఏమిచేయును? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవారు జర్మనీలోని మ్యూనిక్ నగరమున కనబడుదురు. 1980 ప్రాంతములలో అచటి టాక్సీలలో కొన్నింటికి చక్రములు బిగుసుకొనని కొత్త బ్రేకులు అమర్చి, కొన్నింటిని పాత బ్రేకులతోనే విడిచిరి. తమ బండికి ఏ బ్రేకు ఉన్నదో డ్రైవర్లకు తెలియును. ప్రయాణికులవలె ఎక్కిన పరిశీలకులు వారి నడకను రహస్యముగా గమనించిరి. కొత్త బ్రేకుల టాక్సీలకు ప్రమాదములు బాగుగా తగ్గవలెను గదా! తగ్గలేదు. ఆ బండ్ల డ్రైవర్లు మలుపులలో వడిగా త్రిప్పుచు, ముందు బండికి మరింత దగ్గరగా పోవుచు, మంచి బ్రేకువలన వచ్చిన లాభమును వేగముగా మార్చుకొనిరి. వారు చెడ్డవారు గారు. ఎంతటి అపాయమును తాను భరింపగలడో ప్రతివాడును మనస్సులో నొక కొలత పెట్టుకొని యుండుననియు, ఒకచోట అపాయము తగ్గినచో మరియొకచోట పెంచుకొని ఆ కొలతకు సరిపెట్టుకొనుననియు జెరాల్డ్ వైల్డ్ అను కెనడా మనశ్శాస్త్రవేత్త వాదించెను. ఆ వాదమును పండితులందరును అంగీకరింపలేదు. నడుముపట్టీ వంటి సాధనములు లెక్కకు మిక్కిలి ప్రాణములు కాపాడినవనుట నిర్వివాదము. అయినను మ్యూనిక్ టాక్సీలవారిని మరచి భద్రతనుగూర్చి వ్రాయుట తగదు.

ఇక అసలు ప్రమాదము నిద్రమత్తువంటి మరియొక వైపునుండి వచ్చుచున్నది. రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటిషు వైమానికదళమువారు సముద్రముపై జలాంతర్గాములను వెదకుటకు రాడారు తెరముందు మనుష్యులను కూర్చుండబెట్టెడివారు. కొంతసేపటికి వారు తెరపై స్పష్టముగా కనబడు చుక్కలను సయితము చూడకుండిరి. నార్మన్ మాక్వర్త్ అను శాస్త్రవేత్త కేంబ్రిడ్జిలో దీనిని పరీక్షించుటకు ఒక గడియారము చేయించెను. దాని ముల్లు సెకనుకొక అడుగు చొప్పున కదలును. ఎప్పుడో ఒకసారి ఒకే గంతులో రెండడుగులు వేయును. దానిని కనిపెట్టి మీట నొక్కవలెను, అంతే పని. రెండు గంటలు చూచుచుండవలెను. మొదటి అరగంట గడచునప్పటికే మంచి చూపు, మంచి శిక్షణ గల యువకులు రెట్టింపు గంతులను వదలివేయసాగిరి. 1948లో ప్రకటితమైన ఈ ఫలితమును పరీక్షాభవనమున కాపలాకూర్చున్న ప్రతి ఉపాధ్యాయుడును తన అనుభవముతో నమ్మగలడు. ఏమియు జరుగని చోట జాగ్రత్తగా చూచుచుండుట మానవునకు సాధ్యమైన పని కాదు.

లిసాన్ బేన్‌బ్రిడ్జ్ అను పండితురాలు 1983లో వ్రాసిన వ్యాసమొకటి ఈ విషయమున నేటికిని ప్రమాణముగా నున్నది. యంత్రనిర్మాత మనుష్యుని నమ్మలేక అతని చేతినుండి పనిని తీసికొనును. కాని తాను యంత్రమునకు నేర్పజాలని కష్టమైన భాగమును మాత్రము ఆ నమ్మరాని మనుష్యునికే వదలును. తేలిక పనులు చేయుచు నేర్పు నిలుపుకొను అవకాశము అతనికి పోయినది. కష్టము వచ్చినప్పుడు అందరికంటె ఎక్కువ నేర్పు చూపుమని అతనినే కోరుచున్నారు. నాలుగు దశాబ్దములక్రితము ఆమె కర్మాగారములను ఉద్దేశించి చెప్పిన మాట ఇది. విమానములలో 2009 నాటి ఎయిర్ ఫ్రాన్స్ ప్రమాదమున అది విషాదకరముగా రుజువైనది. వేగమును కొలుచు గొట్టములు మంచుతో మూసుకొనిపోగా స్వయంచాలకము తప్పుకొని విమానమును పైలట్ల చేతికి వదలెను, వారు తేరుకొనలేకపోయిరి, 228 మంది అట్లాంటిక్ సముద్రమున మరణించిరి.

రోడ్డుపై అదే కథ 2018 మార్చి 18వ తేదీ రాత్రి పదిగంటలకు కొంచెము ముందు అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున, టెంపీ అను పట్టణములో జరిగినది. ఊబర్ కంపెనీవారు తానై నడచు కారును వీధులలో పరీక్షించుచుండిరి. కారులో ఒక స్త్రీ కూర్చుండియుండెను. ఆమె పని కారును నడపుట కాదు. కారు తనంత తాను నడచుచుండగా చూచుచుండుట. అంతకుముందు ఒక్కొక్క కారులో ఇద్దరిని కూర్చుండబెట్టెడివారు. తరువాత ఒక్కరే చాలునని నిర్ణయించిరి. ఆ రాత్రి ఒక పాదచారిణి తన సైకిలును నడిపించుకొనుచు, దాటుటకు గీతలు లేని చోట, విశాలమైన రోడ్డును దాటుచుండెను.

కారు ఆమెను చూడలేదా? చూచినది. ఢీకొనుటకు 5.6 సెకనుల ముందే చూచినది. అప్పటి వేగములో అది ఇంచుమించు వంద మీటర్ల దూరము. కాని చూచినది ఏమిటో దానికి తెలియలేదు. ఒకసారి వాహనమనుకొన్నది, ఒకసారి మరియేదో వస్తువనుకొన్నది, ఒకసారి సైకిలనుకొన్నది. అభిప్రాయము మారినప్పుడెల్ల ఆ వస్తువు అంతకుముందు ఎటు కదలుచుండెనో దానిని మరచి, లెక్క మరల మొదటినుండి ప్రారంభించినది. నడచి దాటువారు గీతలు లేనిచోట దాటుదురను ఊహ దాని నిర్మాణములో లేదు. అకారణముగా బ్రేకు పడుచుండుట ప్రయాణమునకు బాధాకరమని, ఆపద గుర్తించిన పిమ్మటను ఒక సెకను ఆగునట్లు యేర్పాటు చేసియుండిరి. ఆ కారును నిర్మించిన వోల్వో కంపెనీ అమర్చిన అత్యవసర బ్రేకును, రెండు యంత్రముల నడుమ కలహము రాకుండుటకై, ఊబర్ కంప్యూటరు నడపునంతసేపు పనిచేయకుండ కట్టివేసియుండిరి. ఇక మిగిలినది కూర్చున్న మనిషి. ఆమె చివరి క్షణముల వరకు రోడ్డువైపు చూచుట లేదు. సెల్ ఫోనులో ప్రసారమగుచున్న కార్యక్రమమును చూచుచుండెను. తల యెత్తునప్పటికి ఒక్క సెకను మిగిలియున్నది. పాదచారిణి మరణించినది. ప్రపంచములో తానై నడచు కారువలన ఒక పాదచారి మరణించుట అదియే మొదటిసారి.

అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2019 నవంబరులో వెలువరించిన నిర్ణయములో ఆ స్త్రీ అజాగ్రత్తను ప్రత్యక్షకారణముగా పేర్కొన్నది. దానితో ఆగక, ఆమెపై తగిన పర్యవేక్షణ లేకపోవుటను, కంపెనీ భద్రతా సంప్రదాయములోని లోపములను సయితము ఎత్తిచూపినది. న్యాయస్థానములలో నడచిన కథ వేరు. కంపెనీపై నేరము మోపుటకు ఆధారము లేదని ప్రభుత్వ న్యాయవాది 2019లోనే తేల్చెను. ఆ ఉద్యోగినిపై నేరము మోపిరి. 2023 జూలైలో ఆమె ప్రాణాపాయము కలిగించిన నేరమును ఒప్పుకొనగా మూడేండ్ల పరిశీలనా శిక్ష విధించిరి. ఆమె తప్పు చేయలేదనుట న్యాయము కాదు. కాని మాక్వర్త్ గడియారము ముందు అరగంట నిలువలేని మానవజాతిలో ఒకరిని ఎన్నుకొని, రాత్రులు గంటల తరబడి ఏమియు చేయక చూచుచుండుమనిన వారు ఎక్కడ? ప్రమాదమున కారు ముందుభాగము తాను నలిగి లోపలివారిని కాపాడునట్లు నిర్మించు పద్ధతి 1950 దశాబ్దమునుండి ఉన్నది. మాడలీన్ ఎలిష్ అను పరిశోధకురాలు ఇట్టి సంఘటనలలో నైతికముగా నలుగు భాగము మనుష్యుడని వర్ణించినది. లోహము నలిగి మనుష్యుని కాపాడవలసినచోట, మనుష్యుడు నలిగి యంత్రమును, దాని యజమానిని కాపాడుచున్నాడు.

డ్రైవర్ల భయములన్నిటిలో ఇది మిక్కిలి న్యాయమైన భయము. నడపునది యంత్రము, శిక్ష తనకు. కొన్ని ప్రభుత్వములు దీనిని గుర్తింపకపోలేదు. బ్రిటనులో 2024లో చేసిన స్వయంచాలిత వాహనముల చట్టము, కారు తానై నడచుచున్న వేళ జరిగిన నడపుదల నేరములకు సీటులోని వ్యక్తిని బాధ్యుని చేయరాదనియు, అనుమతి పొందిన సంస్థయే బాధ్యత వహింపవలెననియు నిర్దేశించినది. జర్మనీలో 2022నుండి మెర్సిడెస్ కంపెనీ తన కార్లలో కొన్నింటికి, రద్దీగానున్న రాజమార్గముపై తక్కువ వేగములో, చేతులు విడిచి కూర్చుండుటకు అనుమతిగల సాధనము అమ్మెను. అట్టివి చట్టరీత్యా మరియొక మెట్టుకు చెందినవి. ఇంజనీరులు ఈ కార్లను సున్నానుండి ఐదువరకు ఆరు మెట్లుగా విభజింతురు. రెండవ మెట్టువరకు ఎంత యంత్రమున్నను బాధ్యత డ్రైవరుదే. దుకాణములో కొనువానికి అమ్మకందారు చెప్పు మాటలలో ఈ మెట్లు కనబడవు. కారు తనంత తానే పోవునని మాత్రము వినబడును.

డ్రైవరు బొత్తిగా లేని కార్ల సంగతి వేరు. వాటిలో కూర్చున్నవారు ప్రయాణికులే. వేమో కంపెనీవారు అరిజోనాలోని ఫీనిక్స్ పరిసరములలో 2020 అక్టోబరునుండి అట్టి టాక్సీలను ప్రజలకు తెరచిరి. 2024 జూన్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఎవరైనను పిలుచుకొనవచ్చుననిరి. అదే నగరమున క్రూజ్ అను మరియొక కంపెనీ టాక్సీ, 2023 అక్టోబరులో, వేరొక కారు గ్రుద్దగా తన ముందు పడిన స్త్రీని ఢీకొని ఆగి, పిమ్మట ప్రక్కకు తీయవలెనను నియమము ప్రకారము కదలి, ఆమెను ఇరువది అడుగులు ఈడ్చుకొనిపోయెను. క్రింద మనిషి యున్నదను జ్ఞానము దానికి లేదు. కంపెనీ అనుమతి ఆ నెలలోనే ఆగిపోయినది. 2024 డిసెంబరులో జనరల్ మోటార్సు ఆ టాక్సీల ప్రయత్నమును విరమించినది.

మన దేశమునకు వచ్చినచో, 2022లో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. ఇంత ప్రాణనష్టము గల దేశము ఏ సాధనమును చిన్నచూపు చూడదగదు. అయినను రవాణామంత్రి నితిన్ గడ్కరీ 2017లోను, మరల 2023 డిసెంబరులోను, డ్రైవరు లేని కార్లను ఈ దేశములో అనుమతింపబోమని ప్రకటించిరి. ఆయన చెప్పిన కారణము డ్రైవర్ల జీవనోపాధి. హైదరాబాదులో అప్పు చేసి కారు కొని అద్దెకు త్రిప్పుకొను యువకులను, పల్నాటినుండి అస్సామువరకు లారీలు తోలు మన జిల్లాలవారిని చూచినవారికి ఆ కారణము తేలికగా తోచదు. చదువు మధ్యలో ఆగిన వానికి గౌరవముగా బ్రతుకుటకు మిగిలిన కొలది వృత్తులలో ఇది యొకటి.

ఇట్లుండగా యంత్రమును మన రోడ్లకు అలవరచు ప్రయత్నములు తెలుగుగడ్డపైననే సాగుచున్నవి. తెలంగాణ ఆర్టీసీ బస్సులలో కొన్నింటికి ముందున్న ఆపదను గంటకొట్టి తెలుపు సాధనములను పరిశోధకులు అమర్చి పరీక్షించిరి. అవి బ్రేకు వేయవు, చెప్పి ఊరుకొనును. పగ్గము డ్రైవరు చేతిలోనే యుండును. సంగారెడ్డి జిల్లా కందిలోని హైదరాబాదు ఐ.ఐ.టి. ప్రాంగణమున మనుష్యుడు నడపని వాహనములకు 2022 జూలైలో ఒక పరీక్షాక్షేత్రము ప్రారంభమైనది. 2025లో ఆ ప్రాంగణములో చిన్న బస్సులు డ్రైవరు లేకుండ నడచినవి. ప్రాంగణమునకు గేటు కలదు, కాపలా కలదు, వేగపరిమితి కలదు. గేటు బయటనున్న జాతీయ రహదారి సంగతి అట్టిది కాదు.

ఆ బయటి రోడ్డును యంత్రమునకు చూపుటకై గచ్చిబౌలిలోని ఐ.ఐ.ఐ.టి. పరిశోధకులు 2018లో గొప్ప పని యొకటి చేసిరి. కారుకు కెమెరా కట్టి, హైదరాబాదు, బెంగుళూరు నగరములలోను శివార్లలోను 182 మారులు తిరిగి, పదివేల చిత్రములు తీసి, ఒక్కొక్క చిత్రములోని ప్రతి వస్తువు చుట్టును మనుష్యుల చేత గీతలు గీయించి, 34 వర్గములుగా పేర్లు పెట్టించిరి. అంతకుముందు ఈ రంగమున ఆదర్శముగానున్న చిత్రసంచయము ఎక్కువగా జర్మనీ నగరములది. అందులో ఆటోరిక్షా లేదు, రోడ్డుపై పశువులు లేవు. జర్మను రోడ్డు ఒక గట్టువద్ద ఆగి అక్కడ కాలిబాట మొదలగును. మన రోడ్డు ఎక్కడ ఆగి మన్ను ఎక్కడ మొదలగునో చెప్పుట మున్సిపాలిటీవారికే కష్టము. అందుచేత మనవారు రోడ్డు కాకపోయినను బండి పోవచ్చు నేలకు ఒక వర్గమును ప్రత్యేకముగా కల్పించిరి. ఆస్ట్రేలియాలో కంగారూలు ఎగిరినప్పుడు దూరముగాను, నేల తాకినప్పుడు దగ్గరగాను కనబడి తమ యంత్రమును కలవరపెట్టుచున్నవని వోల్వోవారు 2017లో చెప్పుకొనిరి. మన గేదెలు ఎగురవు. ఆ మేరకు మనకు సులువు.

మన డ్రైవరు చదువునవి మరికొన్ని యున్నవి. దారిలో పచ్చని వేపమండ పడియున్నచో, దాని తరువాత నాలుగు రాళ్ళు పేర్చియున్నచో, మలుపు దాటగానే చెడిపోయిన లారీ ఆగియున్నదని అర్థము. ఎదుటి లారీ దీపములు వెలిగించి ఆర్పినచో, ముందు తాను వచ్చుచున్నాడు, నీవు ఆగుమని అర్థము. క్లీనరు చేయి కిటికీనుండి మెల్లగా ఊగినచో దాటిపొమ్మని, అరచేయి నిలిచినచో ఆగుమని అర్థము. ఇవి ఏ రవాణాశాఖ పుస్తకములోను లేవు. కోతల కాలమున మెదకులోనో, తూర్పుగోదావరిలోనో రోడ్డు సగము మేర వడ్లు ఆరబోసియుందురు. ఆ ముప్పదినాలుగు వర్గములలో వడ్లకు వర్గము లేదు. పసుపుపచ్చగా పరచియున్న దానిపై చక్రము ఎక్కించినచో బండికి అపాయము లేదు. రాడారుకు అది అడ్డు కాదు. డ్రైవరు వేగము తగ్గించి, హారను మ్రోగింపక, కాలితో వడ్లు తిరుగవేయుచున్న ఆమె ప్రక్కకు జరుగువరకు ఆగి, ఎడమచక్రములను మన్నులోనికి దింపి దాటిపోవును.